పసుపు పెట్టిన పాదం

ఆ యేడు, అంటే అరవై ఒకటిలో, శ్రావణమాసమంతా ముసురే. తాండూరు గంజ్‌లో ప్రతి వ్యాపారికీ ఒకటే దిగులు, కందుల బస్తాలకు చెమ్మ తగలకూడదని. నాకు దానికి తోడు ఇంకో పని పడింది. మా దుకాణం పక్క గది కిరాయికి తీసుకొని కొత్తగా వైద్యం మొదలుపెట్టిన డాక్టరు బాల్‌రాజ్ పిండికట్లకు వాడే తెల్లపొడి డబ్బాలు రెండు నా దగ్గర ఉండేవి. ఆ పొడికి చెమ్మ తగిలితే డబ్బాలోనే రాయైపోతుంది. అందుకని వాటిని కందుల కుప్పలో మెడదాకా పాతిపెట్టి, రోజూ పూజ కాగానే వెళ్లి మూతలు తడిమి చూసుకునేవాణ్ని.

బాల్‌రాజ్‌ది బంట్వారం, వెంకటయ్య పటేలు కొడుకు. హైదరాబాదులో డాక్టరు చదివి, ఆపైన మద్రాసులో రెండేళ్లు చిన్నపిల్లల ఎముకల పని ఒక్కటే నేర్చుకొని వచ్చాడు. వయసు ముప్పై దాటలేదు. సోమ, మంగళ, బుధవారాలు మా దగ్గర, మిగతా రోజులు వికారాబాదులో. గది బయట బోర్డు కట్టిన నాడు గంజంతా వచ్చి చదివింది. పిల్లల బొక్కలకు వేరే డాక్టరైతే, రేపు ముసలోళ్ల పండ్లకు ఇంకొకడు దిగుతడని హమాలీ బిచ్చయ్య అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మొదటి మూడు నెలలు ఆ గది గడప తొక్కినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కాలు విరిగినా చెయ్యి విరిగినా జనం పెద్దేముల్ మొగులప్ప దగ్గరికే పోయేవారు. వెదురుబద్దలు, కోడిగుడ్డు సొన, ఆకు పసరు, ఇదీ మొగులప్ప వైద్యం. బాల్‌రాజ్ మాత్రం ఒక్కడే కూర్చుని పలచని గుడ్డ పట్టీలకు తెల్లపొడి రుద్ది, చుట్టలు చుట్టి బిస్కెట్ డబ్బాల్లో పేర్చుకునేవాడు. సాయంత్రానికి జుట్టు నెరిసిన ముసలివాడిలా కనిపించేవాడు.

ఆ చైత్రంలో మా అమ్మాయి అరుణకు మొదటి కాన్పు మా ఇంట్లోనే అయింది. ఆడపిల్ల. ఎడమ పాదం లోపలికి తిరిగిపోయి, అరికాలు పైకి చూస్తూ పుట్టింది. మంత్రసాని గ్రహణాల లెక్కలు తీసింది. గ్రహణం నాడు అరుణ కత్తిపీట ముట్టనే లేదని నా భార్య వసంతమ్మ దేవుడి మీద ఒట్టు పెట్టింది. నేను అనంతగిరి స్వామి పేరున పిల్లకు అనంతలక్ష్మి అని పేరు పెట్టి, సేడంలో ఉన్న వియ్యపురాలు నాగవ్వకు కార్డు రాశాను. ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం అని. అంతే రాశాను. కార్డులో చాలా చోటు మిగిలిపోయింది.

పిల్లను బాల్‌రాజ్‌కు చూపించింది అరుణే. అతను ఆ పాదాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు అటూ ఇటూ కదిపి చూశాడు. ఇది పోయే జబ్బేనని, కానీ నిదానంగా పోతుందని చెప్పాడు. అప్పటినుంచి ప్రతి బుధవారం పాత కట్టు విప్పడం, పావుగంటసేపు పాదాన్ని మెల్లగా తిప్పడం, తిరిగినంత మేర మళ్లీ కొత్త కట్టు వేసి గట్టిపడేదాకా చేత్తో పట్టుకోవడం. ఆ పావుగంటలో అతను ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. కట్టు అయ్యాక మాత్రం తప్పకుండా చెప్పే మాటలు కొన్ని ఉండేవి. కట్టు తడవద్దు. పొద్దునా సాయంత్రం కాలివేళ్లు చూడాలి. నీలంగా మారినా, చల్లబడినా, వాచినా ఉన్నపళంగా తన దగ్గరికి తేవాలి. తాను లేకపోతే నీళ్లలో నానబెట్టి మీరే కోసెయ్యాలి. గోడ ఇవతల కూర్చుని విని విని ఆ మాటలు నాకు సహస్రనామంలా నోటికి వచ్చేశాయి. పల్లెలవాళ్లకు అర్థం కాకపోతే నేనే మళ్లీ చెప్పేవాణ్ని.

ఐదు కట్లయ్యేసరికి అనంత పాదం ముందుభాగం చక్కబడింది. సంగతి ఊళ్లో పాకింది. కరణ్‌కోట రాతి గనుల కూలీలు ఒకరిద్దరు పిల్లలను తెచ్చారు. పెద్దేముల్ నుంచి అంజిలయ్య అనే రైతు రెండు పాదాలూ వంకరగా ఉన్న తన బిడ్డను భుజాన వేసుకొని వచ్చాడు. మొగులప్ప ఊరివాడు మొగులప్పను దాటి రావడం గంజ్‌లో పెద్ద వార్త. ఆషాఢం వెళ్లేసరికి పదకొండు మంది పిల్లలు కట్లలో ఉన్నారు. బాల్‌రాజ్‌కు మధ్యాహ్నం అన్నం తినడానికి పొద్దు చాలేది కాదు. గదిలో బెంచీ మీదే ఓ కునుకు తీసి లేచేవాడు. అలసటలో కూడా మొహంలో ఒక వెలుగు ఉండేది.

అప్పుడు సేడం నుంచి ఉత్తరం వచ్చింది. పిల్లకు ఐదో నెల రాబోతున్నదనీ, మూడో శ్రావణ శుక్రవారం నాడు వచ్చి సోమవారం తల్లీబిడ్డలను తీసుకుపోతాననీ నాగవ్వ రాయించింది.

ఆ ఉత్తరం చదివినప్పటినుంచి నాకు అన్నం సహించలేదు. కుంటి పిల్ల అని వాళ్లు ఏమంటారో, అరుణను ఏ మాట అంటారో అని. నాలుగు నెలలు దాచిన మాట ఇప్పుడు ఏ నోటితో చెప్పను? బుధవారం పొద్దున్నే గోడ దాటి వెళ్లాను.

"మా వియ్యపురాలు వస్తున్నది డాక్టర్ సాబ్. ఆమె చూసేటాల్లకు పాదం చక్కగుండాలె. మూడు కట్ల పని ఒక్క కట్టుల గాదా?"

"ఇది పప్పు గాదు కాకా, మంట ఎక్కువ వెడితే జల్ది ఉడుకుతందుకు," అన్నాడు.

"జర చూడు నాయనా. నా బిడ్డ సంసారం."

అతను నా వైపు చూశాడు. ఊళ్లో అతని పక్కన నిలబడ్డ మొదటి మనిషిని నేను. ఆ సంగతి నేను అనలేదు. అనవలసిన పని లేకపోయింది. ఆ రోజు పాదాన్ని పావుగంట కాదు, అరగంట తిప్పాడు. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. పాదం మాత్రం నిజంగానే నిటారుగా నిలిచింది. కట్టు ఆరాక, వేళ్లు చూస్తుండు కాకా అని ఒకసారి చెప్పి, మెట్లు దిగి మళ్లీ వెనక్కి వచ్చి ఇంకోసారి చెప్పాడు. సాయంత్రం బండికి వికారాబాదు వెళ్లిపోయాడు.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. మూడో శ్రావణ శుక్రవారం ఇంటి ఆడపిల్లను పీట మీద కూర్చోబెట్టి, లక్ష్మిగా భావించి, పాదాలు కడిగి, పసుపు రాసి, పారాణి పెట్టి పూజిస్తాం. అరుణ పెద్దదయ్యాక పదేళ్లుగా ఆ పీట ఖాళీగానే ఉంది. అనంతను ఒళ్లో పెట్టుకొని అరుణ పీట మీద కూర్చుంది. నేనే పూజ చేశాను. కట్టు తడవకూడదని మైనపు గుడ్డ చుట్టాను. ఆ జాగ్రత్త గుర్తున్నందుకు లోపల కొంచెం గర్వపడ్డాను కూడా. కట్టులోంచి బయటికి కనిపించేవి ఐదు వేళ్లే. తడిగుడ్డతో తుడిచి ఒక్కొక్క వేలికీ మందంగా పసుపు పూసి, సున్నం కలిపిన పారాణి గోళ్ల మీదుగా దిద్దాను. నాలుగు నెలలుగా కళ్లెత్తి సరిగా చూడలేని ఆ పాదానికి తల ఆనించి మొక్కాను.

మధ్యాహ్నం బండికి నాగవ్వ వచ్చింది. గంపెడు పూలు తెచ్చింది. హారతి కళ్లకద్దుకొని, పిల్ల కాలి కట్టు చూసి ఇదేమిటని అడిగింది. కొంచెం వంపు ఉండిందని, డాక్టరు సరిచేశాడని అన్నాను. ఆమె ఊఁ అంది. పిల్లను ఒళ్లోకి తీసుకుంది.

సాయంత్రం నుంచి పిల్ల ఏడుపు మొదలైంది. వసంతమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. శనివారమంతా ఏడుపే. వేళ్లు చూడమన్నాడు కదా డాక్టరు అని అరుణ రెండుసార్లు గుర్తుచేసింది. చూశాను. చెప్పినట్టే పొద్దునా సాయంత్రం చూశాను. పచ్చగా, ఎర్రగా, లక్ష్మి పాదాల్లా ఉన్నాయి. పూజ చేసిన పసుపు దానంతట అదే పోవాలి గాని చేత్తో తుడవకూడదు. ఎవరూ తుడవలేదు. ఆదివారం పొద్దున పిల్ల ఏడుపు ఆపింది. దిష్టి పోయిందని వసంతమ్మ దేవుడి ముందు కొబ్బరికాయ కొట్టింది. పిల్ల పాలు తాగకుండా మత్తుగా పడి ఉంటే, అలసి నిద్రపోయిందనుకున్నాం.

మధ్యాహ్నం మొగులప్ప గంజ్‌కు వచ్చాడని తెలిసి అరుణే పిలిపించింది. డాక్టరు కట్టు మీద మొగులప్ప చెయ్యి పడడం నాకు ఇష్టం లేదు. కానీ అడ్డం చెప్పలేదు. డెబ్బై ఏళ్ల మనిషి, గడప దగ్గర చతికిలబడి కూర్చొని, కట్టు ముట్టకుండా వేళ్లు మాత్రం పట్టుకుని చూశాడు. చుక్క నూనె, పాత గుడ్డ అడిగాడు. చిటికెనవేలు తుడిచాడు. పసుపు కింద వేలు నేరేడుపండు రంగులో ఉంది.

"సేటూ, గీ పసుపు ఎవరు వెట్టిండ్రు?"

"నేనే."

అతను గోరువెచ్చని నీళ్లు, కత్తెర తెమ్మన్నాడు. డాక్టరు చెప్పినట్టే నానబెట్టి కోశాం. మడమ దగ్గర రూపాయి బిళ్లంత పుండు. నాలుగు వేళ్లకు మెల్లగా రంగు తిరిగింది. చిటికెనవేలికి తిరగలేదు. వెళ్లేటప్పుడు మొగులప్ప నన్ను పక్కకు పిలిచాడు.

"నా కట్టు గూడ గిట్లనే బిగుస్తది ఒక్కోపారి. గందుకే ఏళ్ల మీదికెంచి నా కన్ను తీయ. ఎవరడిగినా నేనేం చెప్ప. చెప్పుకునేది నువ్వే."

సోమవారం పొద్దున బాల్‌రాజ్ వచ్చి చూశాడు. పుండు కడిగి మందు పెట్టేదాకా నిలబడే ఉన్నాడు. తర్వాత గోడకు ఆనుకొని నేల మీద కూర్చున్నాడు. శుక్రవారం నుంచి వేళ్ల రంగు ఎట్లుండె కాకా అని అడిగాడు. అరుణ నోరు తెరిచేలోపే మంచిగనే ఉండె అన్నాను. ఆ మాటలో అబద్ధం లేదు. అంతకంటే పెద్ద అబద్ధం నేను నా జన్మలో ఆడలేదు.

"అయితే నేనే ఎక్కువ లాగిన," అన్నాడు. ఆ తర్వాత అడిగినవాళ్లందరికీ అదే చెప్పాడు. నేను తొందరపెట్టానని కూడా ఎవరితో అనలేదు.

వారం తిరగకుండా ఆ చిటికెనవేలు నల్లబడి రాలిపోయింది. అంతకు ముందే మాట ఊళ్లన్నీ తిరిగింది. సేటు మనుమరాలికే గిట్లయితే మన పిల్లల గతేందని తల్లులు భయపడ్డారు. కరణ్‌కోటవాళ్లు కొడవళ్లతో కట్లు చీల్చి పారేశారట. సగం తిరిగిన పాదాలు మళ్లీ పాత దారి పట్టాయని బాల్‌రాజ్ బాధపడ్డాడు. పదకొండు మందిలో ఎనిమిది మంది రావడం మానేశారు. బుధవారం సాయంత్రం దాకా గది తలుపు తెరిచే ఉండేది, లోపల అతను ఒక్కడే. పట్టీలకు పొడి రుద్దడం కూడా ఆపేశాడు. వచ్చే నెల నుంచి ఇక్కడికి రాను కాకా, డబ్బాలు తీసుకుపోత అన్నాడు. నేను తల ఊపాను.

నాగవ్వ సోమవారం వెళ్లలేదు. పుండు మానేదాకా ఉంటానని ఉండిపోయింది. రోజూ పుండుకు మందు తానే పెట్టేది. ఆమె మొహం నేను చూడలేకపోయేవాణ్ని. శ్రావణంలో దీపాలు పెట్టే వేళకు దుకాణం అరుగు మీద భాగవతం చదవడం నాకు అలవాటు. గొంతు బాగాలేదని మానుకున్నాను. పూజ మానలేదు. మొక్కడానికి వంగినప్పుడల్లా ఒకటే మాట అడిగేవాణ్ని. నీ పేరు పెట్టిన పిల్ల, నీ పూజలో, నా చేత్తోనే ఎందుకు?

అలా పది రోజులు గడిచాయి. అమావాస్య ముందు రోజు పెద్దేముల్ అంజిలయ్య బిడ్డను భుజాన వేసుకొని దుకాణానికి వచ్చాడు. రెండు కాళ్లకూ కట్లు ఉన్నాయి. మానకుండా వస్తున్న ముగ్గురిలో అతనొకడు. బేరం చేయకుండా, పచ్చళ్లలో పోసే పుల్లటి సిర్కా ఒక సీసా ఇమ్మన్నాడు. ఎందుకన్నాను.

"సిర్కాల కట్టు జల్ది నానుతదట సేటూ. తీసేస్త. నీ మనుమరాలికి ఒక్క ఏలే వోయింది. నా బిడ్డవి రెండు కాళ్లున్నయి."

సీసా పై అరలో ఉంది. స్టూలు ఎక్కి దింపాను. దుమ్ము తుడిచాను. భుజం మీద పిల్ల మెలకువగానే ఉంది, నా చేతిలోని సీసా వైపు చెయ్యి చాపింది. నేను సీసాను బల్ల మీద పెట్టాను గాని ముందుకు జరపలేదు.

"కట్టు తియ్యకు అంజిలయ్యా. మా పిల్ల ఏలు డాక్టర్ తోని పోలే. ఏళ్లకు నేను పసుపు వెట్టిన. కింద నీలమైంది, కనవడలే. తొందర వెట్టింది గూడ నేనే."

బిచ్చయ్య వీపు మీది బస్తాను దింపి నిలబడ్డాడు. కొట్టులో ఉన్న నలుగురూ నా వైపు చూశారు. అంజిలయ్య బిడ్డను ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"మరి పసుపు వెట్టకపోతే కనవడుతుండెనా?"

"కనవడుతుండె."

అతను బిడ్డ కాలివేళ్లు ఒకసారి చేత్తో తడిమి చూశాడు. సీసాను నా వైపు నెట్టాడు. "అయితే శేరు ఉప్పియ్యి," అన్నాడు.

ఉప్పు తూచి ఇచ్చి, లోపలికి వెళ్లాను. నడిమింటి తలుపు దగ్గరే నాగవ్వ నిలబడి ఉంది. అంతా విన్నది. ఆమె సేడం మనిషి, కోపం వచ్చినా బాధ వచ్చినా మాటలో కన్నడం దొర్లుతుంది.

"యాకన్నా, ఎందుకు? ఎవరి కోసం తొందర వెట్టినవు?"

నేను చేతికి అంటిన ఉప్పు దులుపుకున్నాను.

"నా కోసమా? నేను అడిగిననా? పిల్లకు కాలు వంకరుంటే ఇంకో నెల ఉండి తోల్కపోదును. రెండు నెల్లుండి తోల్కపోదును. కార్డు మీద మస్తు జాగ ఉండె గదన్నా."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. అంతే అని, మందు వేళైందని పిల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

సాయంత్రం గోడ దాటి వెళ్లి బాల్‌రాజ్‌కు చెప్పాను. అతను బిస్కెట్ డబ్బాలకు తాడు కడుతున్నాడు. విని, ముడి పూర్తిచేశాడు.

"ఏళ్లు తుడిచి చూడమని చెప్పాలె అని నాకు మద్రాసుల ఎవ్వరు చెప్పలే," అన్నాడు. "నేను గీడ పుట్టిన. నాకే తెల్వాలె. నువ్వు పసుపు వెట్టినా, ఎక్కువ లాగింది నేనే గద కాకా."

"ఉండిపో నాయనా. నేను ఊరూరు దిరిగి చెప్త."

"చెప్పు. కని నేను మస్తు అలిసిన."

అతను ఉండలేదు. నేను మాత్రం తిరిగాను. సంత రోజుల్లో పెద్దేముల్, కరణ్‌కోట పోయి ఇంటింటికీ చెప్పాను. కొందరు విన్నారు. కొందరు, గది కిరాయి పోతుందని సేటు పాట్లు పడుతున్నాడని నవ్వారు. మానేసిన ఎనిమిది మందిలో నలుగురిని తిరిగి వికారాబాదు దారిలో పెట్టగలిగాను. తక్కిన నలుగురు పిల్లల పేర్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. పూజలో గోత్రనామాలు చెప్పుకునేటప్పుడు వాళ్లవీ చెప్పుకుంటాను. వాళ్ల పాదాలకు దానివల్ల ఏం ఒరిగిందో నాకు తెలియదు.

కార్తీకం నాటికి పుండు మానింది. అనంతకు మళ్లీ మొదటి కట్టు నుంచి మొదలుపెట్టాలన్నాడు బాల్‌రాజ్. నాగవ్వ సరేనంది. ప్రతి బుధవారం పొద్దుటి ప్యాసింజరుకు అరుణను, పిల్లను తీసుకొని వికారాబాదు పోయేవాణ్ని. అక్కడా జనం పలచగానే ఉండేవారు. వరండాలో బెంచీ మీద కూర్చున్న నన్ను చూసి, ఖాళీగ కూసునే బదులు కొత్తగ వచ్చినోళ్లకు నువ్వే చెప్పరాదు కాకా అన్నాడు బాల్‌రాజ్. అప్పటినుంచి అదే నా పని. వేళ్లు చూడాలి, పసుపు, పారాణి, కాటుక ఏదీ వేళ్లకు తగలకూడదు, ఎందుకో చెప్పమంటే మా పిల్ల పాదం చూపించేవాణ్ని.

ఒక బుధవారం ఒక చిన్న వయసు తల్లి ఒళ్లో పిల్లతో వచ్చి నా పక్కన కూర్చుంది. పిల్ల కాళ్లకు అప్పుడే పెట్టిన పసుపు తడి కూడా ఆరలేదు. మొక్కుకొని బయల్దేరారట. నేను చెప్పిందంతా శ్రద్ధగా విన్నది. అనంత పాదాన్ని, లేని వేలి చోటును చూసింది.

"దేవుని పసుపు తుడిస్తె దేవునికి కోపం రాదా తాతా?"

"నేను గూడ ఆయన్నే అడిగిన బిడ్డా," అన్నాను. "ఇంకా ఏం చెప్పలే."

ఆమె పిల్ల పాదాలను తన వైపు తిప్పుకుంది. తర్వాత కొంగు కొన నోట తడుపుకొని, ఒక్కొక్క వేలే తుడవడం మొదలుపెట్టింది.